పాయలుగా పంచుకున్న రెండు రోజులు

గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి వంతెన మీదికి రాగానే చక్రాల చప్పుడు మారిపోతుంది. ఆ మార్పుకే అమ్మ లేచి కూర్చుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కొంగున ముడి వేసి ఉంచుకున్న రూపాయి బిళ్ళను కిటికీ ఊచల సందులోంచి గోదావరిలోకి విసిరి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. ఎనిమిదేళ్ళ మా వాడు, పదో తరగతి చదివే మా అమ్మాయి కూడా కిటికీ దగ్గరికి జరిగారు. నీళ్ళు కనబడటం లేదు, చల్లగాలి మాత్రం తగులుతోంది.

నిరుడు కూడా ఇటే వచ్చాం. రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూడాలని కాగితం రాసుకుని, అన్నీ చూశాం కూడా. ఇంటికెళ్ళాక ఫొటోలు తిరగేస్తుంటే మూడు చోట్ల అమ్మ కారులోంచి దిగనే లేదని అర్థమైంది. "నాకు కాళ్ళు లాగుతున్నాయి, మీరు వెళ్ళి రండి" అంటూనే ఉందట. ఆ మాట నేను సరిగా వినలేదు. ఆ బాధ నన్ను ఏడాదంతా వదల్లేదు.

అందుకే ఈసారి కాగితం మీద ఊళ్ళ పేర్లకు బదులు మనుషుల పేర్లు రాశాను. ఒక్కొక్కరికి ఒకటో రెండో కోరికలు. అమ్మకు గోదావరి స్నానం, చిన్నప్పుడు తిన్న పొట్టిక్కలు. మావారికి కాటన్ దొర మ్యూజియం. అమ్మాయికి ఓణీ గుడ్డ. వాడికి పంటు మీద ఏరు దాటడం. నాకు మొక్కలు, నరసాపురం లేసు. మిగతా కాగితం ఖాళీగా వదిలేశాను. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే నదిలో చివరి వంద కిలోమీటర్లు మాత్రమే మా దారి. నది తొందర మాని పాయలుగా చీలిపోయేది అక్కడే.

రాజమండ్రి పుష్కరాల రేవులో మెట్లు దిగుతుంటే ఎదురుగా హేవలాక్ వంతెన మెల్లగా తేటపడింది. 1900లో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. దాని తోడుగా 1974లో వచ్చిన రోడ్డు, రైలు వంతెన ఇప్పటికీ బండ్ల బరువు మోస్తోంది. అమ్మ గొలుసు పట్టుకుని మూడు మునకలు వేసింది. ఆ మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం, ఎవరమూ గడియారం చూడలేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు గొలుసు దాటి లోపలికి పోకూడదు. రేవు పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా లోపల లోతు ఉంటుంది.

గోదావరి జిల్లాల తిండి అనగానే పులస చేప పేరే ముందు వస్తుంది. కానీ శాకాహారులకు ఈ నేల పెట్టేది తక్కువేం కాదు. రాజమండ్రిలో పొద్దున్నే పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. అంచులు కరకరలాడే దిబ్బరొట్టె ఒకటి అందరం పంచుకున్నాం. తర్వాత అమ్మాయి కోరిక ప్రకారం తాడితోట బట్టల బజారు. పట్టణానికి, చుట్టుపక్కల పల్లెలకు పెళ్ళి బట్టలు వెళ్ళేది ఇక్కడినుంచే. ఒకే కొట్లో ఓణీ తీసుకుందామని ముందే అనుకున్నాం. ఆ ఒక్క కొట్లోనే గంటన్నర పట్టింది. అమ్మ స్టూలు మీద కూర్చుని అంచు తిరగేసి, నేత పట్టి చూసి, రంగు వెలుతురులో పెట్టించి చూసింది. మనవరాలికి బట్ట చూడటం నేర్పుతున్నంత సేపూ ఆమెకు కాళ్ళ నొప్పి గుర్తుకు రాలేదు. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగి బసకు వచ్చేసరికి మధ్యాహ్నం. బట్టల పని శనివారమే ముగించుకోవడం మంచిది. ఆదివారం అన్ని కొట్లూ తెరిచి ఉంటాయనుకోకూడదు.

భోజనం అయ్యాక అమ్మ, వాడు పడుకున్నారు. మేం ముగ్గురం నది వెంట ధవళేశ్వరం వెళ్ళాం. అందరూ అన్నిచోట్లకూ కలిసే వెళ్ళాలన్న పట్టుదల నిరుడు మమ్మల్ని అలసగొట్టింది. ఈసారి విడివడటంలోనే హాయి ఉంది. ధవళేశ్వరం దగ్గర నది చేసేది కూడా అదే. తూర్పున గౌతమిగా, పడమట వశిష్ఠగా చీలుతుంది. 1830లలో కరువులు, తుఫానులు ఈ సీమను పీనుగుల దిబ్బ చేశాయి. పక్కనే ఇంత నది పారుతుంటే పొలాలకు నీళ్ళు లేవు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించాడు, 1852 నాటికి అది పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా లంకల మీదుగా సాగుతుంది. మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు చూస్తూ మావారు అమ్మాయికి ఒక్కో లాకు ఎలా పనిచేస్తుందో చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. తర్పణాల్లో కాటన్ పేరు చెప్పే పురోహితులు ఈ ప్రాంతంలో ఉన్నారు. పొలానికి నీళ్ళిచ్చినవాడికి నీళ్ళు వదిలే కృతజ్ఞత అది.

అక్కడినుంచి కడియం. కాలువ నీళ్ళు, ఒండ్రు మట్టి కలిసి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నర్సరీలే. బండిలో పట్టేంత, రైల్లో మోయగలిగేంత అని హద్దు పెట్టుకుని రెండే కొన్నాను: ఒక మల్లె అంటు, ఒక నిమ్మ అంటు. చీకటి పడ్డాక మళ్ళీ అందరం కలిసి రేవులో గోదావరి హారతి చూశాం.

ఆదివారం కారు మాట్లాడుకుని తెల్లవారుతుండగా బయలుదేరాం. పొట్టిక్కలు పొద్దుటి పూట దొరికేవి, అందుకని ఆ తొందర. బ్యారేజీ దాటి బొబ్బర్లంకలో దిగగానే దారి కాలువ గట్టు పట్టుకుంది. ఇరుపక్కలా కొబ్బరి చెట్లు, మధ్యలో లొల్ల లాకుల హోరు. ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ కుండ బోర్లించుకుని కూర్చుంది, దాని కింద కొబ్బరాకు మంట. బియ్యం నానబెట్టి రుబ్బిన పాలలాంటి పిండిలో పలుచటి గుడ్డ ముంచి, వేడెక్కిన కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తుంది ఆవిడ. తీసిన క్షణంలో కాగితం కంటే పలుచని రేకు కుండ మీద ఉంటుంది. ఆ చేతికి తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. మావాడు ఇరవై రేకుల దాకా లెక్కపెట్టాడు. నెయ్యి, బెల్లం పొడి వేసి మడిచిన పూతరేకు నోట్లో పెట్టుకుంటే నమిలే పని లేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేం అట్టపెట్టెల్లో పెట్టి అమ్మే కొట్లో కాకుండా ఆ అరుగు మీదే కొన్నాం. బేరం ఆడవద్దని అమ్మ ముందే చెప్పింది.

రావులపాలెం అరటి గెలల లారీలను దాటుకుని అంబాజీపేట చేరేసరికి టిఫిను వేళ ఇంకా మిగిలి ఉంది. పనసాకులు నాలుగింటిని పుల్లలతో కుట్టి బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అదే పొట్టిక్క. ఆకు ఊడదీస్తుంటే పనసాకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది. పక్కన కొబ్బరి పచ్చడి. అంబాజీపేట కొబ్బరి బజారు ఊరు, ఆ పచ్చడిలో కొబ్బరికి కరువుండదు. అమ్మ మొదటి ముక్క తిని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా మేనత్త పెరట్లో ఆకులు కుట్టే పని నాదే" అంది. అరవై ఏళ్ళుగా ఆ మాట మా ఎవరితోనూ అనలేదు.

పి. గన్నవరం దగ్గర వశిష్ఠలోంచి వైనతేయ పాయ విడిపోతుంది. దాని మీదుగా కాలువను దాటించే అక్విడక్టు ఉంది. పాతది 19వ శతాబ్దం నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి ఈ లంకలోనే ఉండేది. ఏరు దాటి ఆకలితో వచ్చినవాళ్ళకు వేళ చూడకుండా, కులం అడగకుండా వండి వడ్డించింది. ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరే పెట్టారు. వంతెన పక్కన బండి ఆపి పిల్లలకు ఆమె కథ చెప్పాను. సెలవు రోజు తిండి అంటే రుచులే కాదు, మనకు పెట్టిన చేతులు కూడా గుర్తుండాలని నా కోరిక.

రాజోలు దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో ముందురోజే ఫోను చేసి భోజనం చెప్పుకున్నాం. శాకాహారులు ఈ దారిలో చేయాల్సిన ముఖ్యమైన ఏర్పాటు ఇదొక్కటే. ఎందరో, ఏ వేళకో, ఉల్లి వెల్లుల్లి సంగతేమిటో ముందే చెబితే వండేవాళ్ళకూ మనకూ సుఖం. అరిటాకు నిండా కంద బచ్చలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముక్కల పులుసు, దబ్బకాయ పులిహోర, గడ్డ పెరుగు. "మొహమాటపడకండమ్మా, మళ్ళీ ఎప్పుడొస్తారో" అంటూ ఆవిడ మారు వడ్డించింది. తిన్నాక అమ్మ, ఆవిడ అరుగు మీద చేరి మాటల్లో పడ్డారు. ఖాళీగా వదిలిన కాగితం పనికొచ్చింది. గంటసేపు ఎవరినీ లేపలేదు.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాం. ఒకవైపు ఏటి నీటి రంగు, మరొకవైపు సముద్రపు రంగు. పిల్లలు ఇసకలో కాలువలు తవ్వి, లాకులు కట్టారు. నిన్న నాన్న చెప్పిన పాఠం అమ్మాయి తమ్ముడికి చెబుతోంది.

సఖినేటిపల్లి రేవులో కారును పంపేసి, సంచులు పట్టుకుని పంటు ఎక్కాం. అవతల నరసాపురం. అక్కడ కొన్ని లేసు ముక్కలు తీసుకుని సాయంత్రం రైలు అందుకోవాలి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లికను ఈ ఏటి ఒడ్డు ఆడవాళ్ళు సొంతం చేసుకున్నారు. పంటు కదిలింది. వాడు అంచున కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, వాళ్ళ నాన్న చెయ్యి వాడి భుజం మీద ఉంది. నా ఒళ్ళో మల్లె అంటు, అమ్మ ఒళ్ళో పూతరేకుల పెట్టె.

అమ్మ నా కాగితం అడిగి తీసుకుంది. లేసు తప్ప అన్నిటికీ టిక్కులు పడ్డాయి. కింద సగం ఖాళీ ఉంది.

"గౌతమి ఎక్కడ కలుస్తుందే సముద్రంలో?"

"యానాం అవతల అమ్మా."

"అయితే ఆ పాయ మిగిలే ఉందన్నమాట" అంది. మనవరాలి చేతిలోంచి పెన్ను తీసుకుని, ఖాళీలో తన పేరు రాసి, దాని ఎదురుగా యానాం అని రాసుకుంది.