స్ప్రోట్ సరస్సు మీద రెండు ముసలి పక్షులు

కెనడా పడమటి తీరాన వాంకూవర్ ద్వీపమున్నది. ఆ ద్వీపంలో పోర్ట్ అల్బర్నీ పట్టణానికి కొద్దిదూరంలో స్ప్రోట్ సరస్సు. చుట్టూ కొండలు, ఆకాశాన్నంటే చెట్లు, ఒడ్డురాతి మీద ఆదివాసులు చెక్కిన ప్రాచీన చిత్రాలు. అర్ధశతాబ్దానికి పైగా ఈ నీటిమీదనే రెండు బ్రహ్మాండమైన విమానాలు కాపురముండేవి.

అవి అడవికోసం పుట్టినవి కావు. అమెరికా నౌకాదళం కోసం మార్టిన్ కంపెనీ కట్టిన మార్స్ జాతి రవాణా విమానాలు. రెక్కల కొసనుంచి కొసకు 200 అడుగులు. పడవవంటి పొట్ట; నీటిమీదనే లేవాలి, నీటిమీదనే దిగాలి. శాన్‌ఫ్రాన్సిస్కో, హొనొలులుల మధ్య మనుషులనూ సామాన్లనూ మోసి, 1956లో విశ్రాంతి పుచ్చుకొన్నాయి. 1959లో మిగిలిన నాలుగూ తుక్కు బేరానికి వచ్చాయి.

అడవి అంటుకొంటే మనుషులు కొండ ఎక్కేలోపలే చెట్లన్నీ బూడిద. అంత పొట్టలో సామానుకు బదులు నీళ్ళెందుకు మోయకూడదని డాన్ మెకైవర్ అనే పైలట్‌కు తోచింది. కలప కంపెనీలు కొన్ని కలిసి నాలుగింటినీ కొన్నాయి. విక్టోరియా దగ్గర ఫెయిరీ కంపెనీ వాటిని మార్చే పని చేపట్టింది. సామాను మోసిన పొట్టలో టాంకు, అడుగున పైకి ముడుచుకొనే తూములు అమర్చింది.

మన రైతు గూడ వేసి నీళ్ళు తోడతాడు. ఇక్కడ విమానమే గూడ! సరస్సుమీద గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో జారుతూ తూములు దింపితే, ఆ పరుగు ఒత్తిడికే నీరు లోపలికి ఎగదన్నుతుంది. పంపు అక్కరలేదు. అరనిమిషంలో 27,000 లీటర్లు. ఆ బరువుతోనే లేచి మంటమీద కుమ్మరించి, మళ్ళీ నీటికి రావడమే.

వినడానికి సులువే. కాని సామాను మోసేటప్పుడు ఎత్తున, తిన్నగా పోయిన విమానం, ఇప్పుడు పొగలో, కొండల నడుమ, చెట్ల కొసలమీదుగా పోవాలి. 1961 జూన్ 23న మరియానాస్ మార్స్ మంటలార్పబోయి కూలింది. నలుగురు సిబ్బందీ మరణించారు. మరుసటి ఏడు అక్టోబరు తుపానులో, ఒడ్డున నిలిపిన కరోలైన్ మార్స్ పాడైపోయింది. నాలుగింట రెండు పోయాయి. మరొకరైతే అంతటితో దండం పెట్టి ఊరుకొనేవారు. ఆ కంపెనీలు మాత్రం మిగిలిన ఫిలిప్పైన్, హవాయి విమానాలను కూడా మార్పించాయి. ఏళ్ళతరబడి ఆ అడవులను కాచినవి అవే.

ఇప్పుడు సరస్సు బోసిపోయింది. ఫిలిప్పైన్ మార్స్ పాత నౌకాదళపు నీలిరంగు తొడుక్కొని, 2025లో అరిజోనాలోని పిమా మ్యూజియం కోసం తరలిపోయింది. హవాయి మార్స్ 2024 ఆగస్టు 11న చివరిసారి ఎగిరి విక్టోరియా చేరింది. అక్కడికి దగ్గరనే సిడ్నీలో ఉన్న విమాన మ్యూజియంలో దాని మజిలీ.

విక్టోరియా వెళ్ళేవారు ఒక పూట అటు వెళ్ళి రావాలి. నౌకాదళంలో ఆ విమానం కొలువు పదేళ్ళ పైచిలుకు. అడవి కొలువు ఏభై ఏళ్ళు. దానిమీద నేటికీ ఉన్నది ఆ రెండో కొలువు నాటి ఎర్రరంగే.