ఎక్కడానికి చోటు లేని పంజరాలు

ఉడుత పగలంతా చెట్టునే నమ్ముకొని బతికే జీవి; బోదెను గోళ్ళతో పట్టి తలకిందులుగా దిగడం, కొమ్మ నుంచి కొమ్మకు దూకడం, ఎత్తున కూర్చొని చుట్టూ కనిపెట్టి చూడడం దానికి నిత్యకృత్యాలు కనుక, దాని కోసం కట్టే పంజరానికి వెడల్పు కంటె ఎత్తు ముఖ్యం. ఈ సంగతి ఎవరికైనా తట్టవలసినదే అయినా, హైదరాబాదు అంగళ్ళలో ఉడుతకు కూడా సరిపోతాయని అంటగట్టే పంజరాలు చాలావరకు చిలుకలకో లవ్‌బర్డ్స్‌కో చేసినవి, మోకాలెత్తు దాటనివి. పాతబస్తీలో, 1892లో ఆస్మాన్ జా కట్టించిన మహబూబ్ చౌక్ గడియార స్తంభానికి దగ్గరలో, కోళ్ళకూ పెంపుడు పక్షులకూ పేరుపడిన ముర్గీ చౌక్ పక్క సందులో ఒక చిన్న కార్ఖానా ఉంది. దాన్ని చూడడానికి సాగిన ఈ సందర్శన మొత్తం అక్కడి వృద్ధ పనివాని చేతుల దగ్గరే ఆగిపోయింది.

అతడు వాడేది అరంగుళం గళ్ళ జాలీ, అంటే ఇనుప తీగలను అడ్డంగా నిలువుగా అతికి జింకు పూత పూసిన వల. అంగుళం గళ్ళ జాలీ చవకే గాని, అందులోంచి ఉడుత పిల్ల తల దూర్చి ఇరుక్కుంటుంది, పిల్లి పంజా లోపలికి వస్తుంది. జాలీని బల్ల అంచున బిగించిన ఇనుప యాంగిల్ మీద పరచి, కొయ్య సుత్తితో మెల్లగా కొడుతూ ఒకే ముక్కను మూడు వైపులకు వంచడం, అతుకు పడిన చోట సన్నని తీగను చుట్టి పక్కడుతో మెలిపెట్టి, ప్రతి కొనను బయటి వైపుకే తిప్పడం అతని పద్ధతి. పని పూర్తయ్యాక అతడు అరచేతిని కాక చేతి వెనుక భాగాన్ని పంజరం లోపలి గోడలన్నిటిమీదా నెమ్మదిగా నడిపిస్తాడు. అరచేయి కాయలు కాచి మొద్దుబారి ఉంటుంది, వెనుక చర్మం పలుచన కనుక మిగిలిపోయిన తీగ మొన ఏదున్నా వెంటనే గుచ్చుకుంటుంది. అలా దొరికిన ఒక్క మొన కోసం మూలంతా విప్పి మళ్ళీ కట్టిన ఆ ఓపికకు ఎంత మెచ్చుకోలు చెప్పినా తక్కువే.

తరువాత సిర్కా (వెనిగర్) కలిపిన నీటితో, పీచు బ్రష్షుతో జాలీని రుద్ది కడగడం జరుగుతుంది. ఉడుత ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీయడానికి అది దొరికినదెల్లా కొరుకుతుంది. కొత్త జాలీ మీద నిలిచిన జింకు పొడి, పెచ్చులు కడుపులోకి పోతే విషమవుతాయి. ప్లాస్టిక్ పళ్ళేలు, రంగు వేసిన తీగలు పనికిరానివి కావడానికీ కారణం ఆ కొరుకుడే. పరుగెత్తడానికి పెట్టే ఊచల చక్రం కూడా వద్దు: ఊచల మధ్య తోక చిక్కితే చర్మం ఒలుచుకొని వస్తుంది.

ఆ మధ్యాహ్నం ఒక గృహిణి చెప్పుల పెట్టెలో పాత చీర ముక్క పరచి ఒక పిల్లను తెచ్చింది. కరెంటు తీగలకు అడ్డమని వీధిలోని గానుగ చెట్టు కొమ్మలు నరికినప్పుడు గూడుతో సహా కింద పడిందట. ఆమె చూపు బంగారు రంగు వేసిన ఒక గుండ్రని చిలుక పంజరం మీద నిలిచింది.

“అది వద్దమ్మా,” అన్నాడు అతడు. “చిలుకకు కట్టిన పింజ్రాల ఉడుతను ఏస్తే అది ఏడికెక్కాలె? ఊచలకు రుద్దుకొని రుద్దుకొని ముక్కు పుండైతది.”

“ఎక్కువ రోజులు ఉంచుకోను భాయ్. పెద్దదైతే వదిలేస్తా.”

“వదిలేటట్టుంటే పింజ్ర ఇంకా పెద్దది కావాలె. ఎక్కుడు నేర్వనిది చెట్టు మీద ఎట్ల బతుకుతది?”

ఉడుత పంజరం గురించి తెలుసుకోవలసినదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో, తల్లి దూరమైన ఉడుతకు కట్టవలసినది శాశ్వత నివాసం కాదు, కండరాలు గట్టిపడి చెట్టుకు తిరిగిపోయేదాకా ఉండవలసిన శిక్షణ స్థలం. అందుకే అతని కొలత రెండడుగుల చదరం, నాలుగడుగుల ఎత్తు. లోపల బెరడు తీయని వేప కొమ్మలు ఏటవాలుగా, పైమూలలో కొబ్బరి పీచు కుక్కిన కొయ్య గూడు, అడుగున పాదాలు ఒరుసుకోకుండా తీగకు బదులు పలక. అయితే కళ్ళు అప్పుడప్పుడే తెరిచిన పిల్లకు వెంటనే కావలసినది ఇది కూడా కాదు, వెచ్చని పెట్టె. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి కనుక పశువైద్యుడు సూచించిన పాలపొడి. పెరిగాక పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలే పెట్టి ఎండ తగలని మూలన ఉంచితే సున్నం చాలక ఎముకలు మెత్తబడతాయి కనుక, పంజరంలో సగం భాగం ఉదయపు ఎండకు, సగం నీడకు ఉండాలి.

ఇంత తెలిసిన మనిషికి ఇప్పుడు వచ్చే పని ఎక్కువగా కోళ్ళ గంపలకు బదులు వాడే బోనులదే. అచ్చు పోసినట్టు ఒకే తీరున ఫ్యాక్టరీల్లో తయారై వచ్చే పంజరాల ధరకు అతడు అమ్మలేడు, అతని కొలతలను రాసిపెట్టినవారు లేరు. నగరం మాత్రం అనాథ ఉడుతలను తయారుచేస్తూనే ఉంది. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతుంది. కాని రంపం పెట్టేముందు ఒక మనిషి పైకెక్కి గూళ్ళున్నాయేమో చూడడం, పిల్లలుంటే ఆ కొమ్మను కొన్ని వారాలు ఆపడం అనే అతి చిన్న పని ఆ వీధిలో జరగలేదు. అది జరిగి ఉంటే ఆ గృహిణికి పంజరంతో పని ఉండేది కాదు. చెట్లను తీగలకు అడ్డంగా మాత్రమే చూసే ఈ అలవాటు క్షమించరానిది.

ఆమె చివరకు పెద్ద పంజరమే కట్టమంది. దానికి అతడు రెండు తలుపులు పెడతాడు: తిండి పెట్టడానికి పక్కన ఒకటి, కప్పు మీద మరొకటి. వదిలే రోజు వచ్చినప్పుడు పంజరాన్ని కొమ్మకు ఆనించి కట్టి పై తలుపు తెరిస్తే, ఉడుత పైకే వెళుతుంది, భయమేస్తే రాత్రికి తన గూటికే తిరిగి వస్తుంది. తిండి అక్కడే కొన్నాళ్ళు పెడుతూ పోతే మెల్లగా రావడం మానుకుంటుంది. ఆ పై తలుపు దండగని, అది తీసేసి ధర తగ్గించమని అడిగేవారే ఎక్కువని అతడు చెప్పాడు. అలా అడిగినవారికి ఉడుత పంజరం కట్టనని కూడా చెప్పాడు.