మాంటాల విందుకు సిలిండర్లతో రావద్దు!

నీలం నీటి అడుగు నుంచి నల్లటి దుప్పటి లాంటి నీడ ఒకటి పైకి లేస్తుంది. రెండువైపులా పక్షికి ఉన్నట్టు రెక్కలు, ముందు పెద్దగా తెరిచిన నోరు... మొదటిసారి చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ నోటికి కావలసింది మనిషి కాదు, కంటికి ఆనీ ఆనని ప్లవకాలు. ఆ నీడ పేరు మాంటా రే. దాన్ని ఒక్కసారైనా దగ్గర నుంచి చూడాలన్నది స్కూబా డైవర్ల కల. విచిత్రమేమిటంటే, ఆ కల బాగా నిజమయ్యే చోట్లలో ఒకటైన మాల్దీవుల్లోని హనిఫారు బే లోకి స్కూబా సిలిండర్‌తో దిగనివ్వరు!

మన మత్స్యకారులు టేకు చేప అని పిలుస్తారే, మాంటా ఆ జాతిదే. కాకపోతే టేకు తోకకు ఉన్నట్టు గుచ్చుకునే ముల్లు దీనికి ఉండదు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే మాంటా ఒక రెక్క చివర నుంచి మరో రెక్క చివరకు మూడు నాలుగు మీటర్లు ఉంటుంది. నడిసముద్రంలో తిరిగే రకమైతే ఏడు మీటర్ల వరకూ పెరుగుతుంది. చేపలన్నింటిలోకీ పెద్ద మెదడు దీనిదే. పొట్ట మీద నల్లమచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానికి ఉన్నట్టు మరోదానికి ఉండవు. ఆ మచ్చల ఫొటోలతోనే పరిశోధకులు మాల్దీవుల్లో సుమారు 5 వేల మాంటాలను విడివిడిగా గుర్తుపట్టి, ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టుకున్నారు.

వానాకాలమే పండగ

హవాయిలోని కోనా, ఇండొనేషియాలోని కొమోడో, పసిఫిక్‌లోని యాప్ దీవి... మాంటాల కోసం డైవర్లు చెప్పుకునే చోట్లు చాలానే ఉన్నాయి. కానీ ఒకటీ రెండూ కాదు, మందలు మందలుగా చూడాలంటే మాత్రం హనిఫారు పేరే ముందు వస్తుంది. మాల్దీవుల్లోని బా అటోల్ తూర్పు అంచున ఉన్న ఈ చిన్న ఇరుకు మడుగు ఫుట్‌బాల్ మైదానమంత ఉంటుందేమో!

మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే అక్కడ మాంటాలకూ విందు తెస్తాయి. మే నుంచి నవంబరు దాకా ఆ గాలుల వల్ల పుట్టే ప్రవాహాలు ప్లవకాలను దీవుల తూర్పు వైపునకు చేరుస్తాయి. సముద్రం పోటెత్తినప్పుడు ఆ నీళ్లు దిబ్బ దాటి గరాటాలాంటి మడుగులోకి వచ్చిపడతాయి. లోపలికి వచ్చిన ప్లవకాలకు బయటికి దారి దొరకదు. పోటు ఎక్కువగా ఉండే పౌర్ణమి, అమావాస్య రోజుల చుట్టూ అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఒకదాని వెనక ఒకటి వరస కట్టి, నోళ్లు తెరుచుకుని మాంటాలు దిగిపోతాయి. కొన్నిసార్లు వందకు పైగా చేరతాయి. తిండి మరీ దట్టంగా ఉంటే అన్నీ కలిసి గుండ్రంగా సుడిగాలిలా తిరుగుతూ తింటాయి. ఆ దృశ్యం ప్రపంచంలో బహు కొద్దిచోట్ల మాత్రమే కనిపిస్తుంది.

బుడగలు వద్దు

ఈ విషయం నలుగురికీ తెలిశాక పడవలు బారులు తీరాయి. అంత చిన్న మడుగులో ఓ పక్క చేపలు, మరో పక్క మనుషులు! డైవర్ల సిలిండర్ల నుంచి వచ్చే బుడగలు మాంటాలను బెదరగొట్టి, తిండి దగ్గర నుంచి తరిమేస్తున్నాయన్న ఆందోళన మొదలైంది. 2009లో ప్రభుత్వం హనిఫారును రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2011లో బా అటోల్ యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతమైంది. 2012 నుంచి మడుగులో స్కూబాను నిషేధించారు. ఇప్పుడు ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైపైన ఈదుతూ చూడాల్సిందే. గైడు తప్పనిసరి. ఒకేసారి అయిదు పడవలు, 80 మందికి మించకూడదు. ఉండేది 45 నిమిషాలే. ముట్టుకోవడం, దారికి అడ్డుపడటం అస్సలు కుదరదు.

మరి డైవర్ల సంగతి? వాళ్లకూ చోటుంది. దగ్గర్లోని ధరవంధూ తిలా అనే దిబ్బ మాంటాల బ్యూటీపార్లర్! అక్కడికొచ్చి మాంటాలు నెమ్మదిగా తిరుగుతుంటే చిన్నచిన్న చేపలు వాటి ఒంటికి పట్టిన పరాన్నజీవులను ఏరుకు తింటాయి. అడుగున ఓ పక్కగా కదలకుండా ఉన్న డైవర్లకు ఈ ముస్తాబంతా కనిపిస్తుంది. రాజధాని మాలేకు దగ్గర్లోని లంకన్ దిబ్బ కూడా ఇలాంటిదే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి మారి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి మాంటాలూ పడమటి వైపునకు మారిపోతాయి. అప్పుడు దక్షిణ అరి అటోల్‌లోని మడివరు దగ్గర వెతకాలి.

బతికుంటేనే బంగారం

మాంటా మొప్పల్లోని పలకలను ఎండబెట్టి చైనాలో మందుగా అమ్ముతారు. ఆ వ్యాపారం కోసం చాలా దేశాల్లో వీటిని విపరీతంగా వేటాడారు. ఏడాది పాటు గర్భం మోసి ఒక్కసారికి ఒక్క పిల్లనే కనే ప్రాణి అది. ఒక వలలో పదింటిని పడితే ఆ లోటు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో! అందుకే 2013లో మాంటాలను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటిస్ జాబితాలో చేర్చారు. 2014లో మాల్దీవులు తమ నీళ్లలోని టేకు జాతులన్నింటికీ రక్షణ కల్పించింది. దాని వెనక లెక్క కూడా ఉంది. 2006-08 మధ్య మాంటాలను చూడటానికి వచ్చినవాళ్లు చేసిన ఖర్చే ఏడాదికి 81 లక్షల డాలర్లని పరిశోధకులు తేల్చారు. చచ్చిన మాంటాను ఒక్కసారే అమ్ముకోగలం. బతికున్నది ఏటా ఆ దీవుల్లో పడవ నడిపేవాళ్లకూ, గైడ్లకూ, గదులు అద్దెకిచ్చేవాళ్లకూ అన్నం పెడుతుంది.

ఎలా వెళ్లాలి?

మన దేశం నుంచి మాలేకు నేరుగా విమానాలున్నాయి. భారతీయులకు వీసా అక్కడ దిగాకే ఇస్తారు. మాలే నుంచి ధరవంధూ దీవికి దేశీయ విమానంలో అరగంట కూడా పట్టదు. అక్కడి నుంచి హనిఫారుకు పడవలో కొద్ది నిమిషాలు. ఖరీదైన రిసార్టులే కాకుండా ధరవంధూలో మామూలు అతిథి గృహాలూ ఉన్నాయి. ఈత వచ్చిన పిల్లలున్న కుటుంబాలకు స్కూబా కన్నా పైపైన ఈదే పద్ధతే తేలిక. కాబట్టి హనిఫారు నిబంధన ఒకరకంగా వాళ్లకు వరమే.

ఒక్క మాట. రుతువు, తిథి, పోటు అన్నీ కలిసొచ్చినా ఒక్కోరోజు మడుగు ఖాళీగానే ఉంటుంది. అందుకే ఒక్కరోజు కోసం కాకుండా మూడు నాలుగు రోజులు ఉండేలా వెళ్లడం మంచిది. వచ్చేదీ రానిదీ మాంటాల ఇష్టం మరి!