అద్దాల చాటు గాలి

ఉదయం ఏడుగంటల వేళ దువ్వూరులో నిలబడి తూర్పుకు చూస్తే నల్లమల కొండలు నీలంగా కనబడతాయి. కె.సి. కాలువకు నీళ్లు వచ్చిన ఏడు ఇక్కడి వరిమళ్లూ, పసుపుతోటలూ కన్నులపండుగే. పందొమ్మిదో శతాబ్దంలో తవ్విన ఆ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా నడిచేవి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంనుంచి పల్లకీలో కాశీకి బయలుదేరి, మన కడపసీమ మీదుగానే సాగారు. దారిలో వారు పడ్డ అవస్థలు ఎన్నయినా ఉండవచ్చుగాని, లారీపొగ మాత్రం వాటిలో లేదు గదా!

మాకు పల్లకీ లేదు, కారుంది. కడపలో ఉద్యోగాలు చేసే నలుగురం కలిసి దాన్ని బాడుగకు మాట్లాడుకున్నాం. 40వ నెంబరు జాతీయ రహదారిమీద మైదుకూరు, ఖాజీపేట, చెన్నూరు దాటి రోజూ పోయివస్తుంటాం. ముందుసీటు మాలో పెద్దవారైన బ్యాంకు మిత్రులది. రెండేళ్లకిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. అప్పటినుంచీ ఆయనకు పొగంటే భయం. కారెక్కగానే అద్దాలన్నీ మూయిస్తారు, ఏ.సి. వేయిస్తారు. డ్రైవరు కుర్రవాడు ముందున్న వెంకటేశ్వరస్వామి పటానికి అగరువత్తి వెలిగిస్తాడు. ఇక మాకు బయటి లోకంతో పని లేదనుకునేవాళ్లం.

ఒకనాడు మైదుకూరు కూడలిలో నాలుగో మిత్రుని ఎక్కించుకుంటూ ఒక పాత లారీ వెనుక ఆగిపోయాం. కాసేపటికి కారంతా డీజిలు వాసన.

"అద్దాలు మూసే ఉండాయి గదా అబ్బీ, పొగ యాడనుంచి వస్తాంది?" అన్నారు మిత్రులు.

"ఏ.సి. బయటిగాలినే పీలుస్తాంది సార్" అన్నాడు కుర్రవాడు తాపీగా.

రెండేళ్లుగా మేము గ్రహించని సంగతి అది! అద్దం దుమ్మునూ, చప్పుడునూ ఆపుతుంది. గాలి మాత్రం జాలీలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ పొగలోని అతిసన్నని నలుసులు మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యోవంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల అడుగుకంటా పోయి వాపు పుట్టిస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపుపోటు పెరుగుతుంది.

అమెరికాలో సియాటిల్ నగరపు పరిశోధకులు దీన్ని పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. రక్తపుపోటు జబ్బు లేని పదహారుమందిని రద్దీవేళల్లో కారులో తిప్పారు. కొన్నిసార్లు గాలిని మేలురకపు జల్లెడతో వడగట్టారు, కొన్నిసార్లు వడగట్టలేదు. వడగట్టని రోజుల్లో గంటలోపలే రక్తపుపోటు నాలుగు పాయింట్లకు పైగా ఎక్కువగా కనిపించింది. కింది అంకెలో ఆ తేడా మర్నాటికి కూడా పూర్తిగా పోలేదు. చిన్న పరీక్షే, నిజమే. నాలుగు పాయింట్లు ఆరోగ్యవంతునికి లెక్కలోనివి కాకపోవచ్చు. కాని స్టెంటు వేసిన గుండెతో ఏటా వందలసార్లు ఈ దారిన పోయేవాని సంగతి వేరు గదా!

ఆ ఆదివారం మెకానిక్కు చేత కారు జల్లెడ ఊడదీయించాం. మసి, పొట్టు, ఎండుటాకులతో అది పొయ్యిమీది మసిగుడ్డలా ఉంది! కొత్తది వేయించాం. మామూలు జల్లెడ అతిసన్నని నలుసులన్నిటినీ ఆపలేదు. అయినా పాతదానికంటే నయం.

ఇప్పుడు కూడళ్లలోనూ, లారీల వెనుకా ఉన్నప్పుడు లోపలిగాలే తిరిగే మీట నొక్కుతాం. బయలుదారి రాగానే మళ్లీ బయటిగాలి రానిస్తాం. ఎందుకంటే మూసిన కారులో ఐదుగురి ఊపిరి చేరితే బొగ్గుపులుసు వాయువు పెరిగి డ్రైవరుకు మత్తు కమ్ముతుంది. లారీకి వెనుకగా దూరం పాటిస్తాం. ఆగినచోట ఇంజను ఆపేస్తాం. అగరువత్తి సంగతి చెప్పడానికే కొంచెం సంకోచించాను. దాని పొగలోనూ అవే నలుసులు. కుర్రవాడు ఒక్కక్షణం ఆలోచించి, "స్వామికి పూలు పెడతాలే సార్" అన్నాడు.

మా మిత్రులు మాత్రలు మానలేదు, డాక్టరు దగ్గరకు పోవడమూ మానలేదు. ఈ జాగ్రత్తలు వాటికి తోడేగాని బదులు కావు.

మొన్న సాయంకాలం తిరిగివస్తూ చెన్నూరు దగ్గర పెన్నవంతెన ఎక్కాం. ముందూ వెనుకా బండి లేదు. "అద్దాలు దించు అబ్బీ, రొంత గాలాడనీ" అన్నారు మిత్రులు. ఏటిగాలి చల్లగా తగిలింది. అంతలో మోటారుసైకిలు మీద ఒక రైతు, వెనుక భార్య, ముందు చంటిబిడ్డ, మా పక్కగా పోయారు. కాసేపటికి వాళ్లు ఒక పాత లారీ వెనుక పడ్డారు.

"మనకు మీటన్నా ఉంది. వాళ్లకు?" అన్నారాయన.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు భారత్ స్టేజి ఆరు నియమం వచ్చింది. పాతబండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మైదుకూరు వచ్చేదాకా ఎవరమూ మాట్లాడలేదు.