తెలంగాణలో ఒక నిద్ర చేసిన డేగ

2025 నవంబరు మాసములో మణిపూర్ నుండి ఆఫ్రికా ఖండమునకు బయలుదేరిన ఒక డేగ, దారిలో మన తెలంగాణలో ఒక నిద్ర చేసి వెళ్లింది. దాని పేరు అలాంగ్. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థవారు తమెంగ్‌లాంగ్ జిల్లాలో దాని వీపుమీద ఒక చిన్న యంత్రము కట్టి వదిలిపెట్టారు. ఆ యంత్రము పంపే సంకేతములు ఉపగ్రహము ద్వారా వారికి అందుతాయి. అలాంగ్ తెలంగాణలో రాత్రి ఆగింది, మహారాష్ట్రలో ఒక మూడు గంటలు సేదదీరింది, ఆపై అరేబియా సముద్రము దాటి కెన్యా దేశము చేరింది. మొత్తము 5,600 కిలోమీటర్లు, 6 రోజుల 14 గంటలు. దానితోపాటు వదిలిన అపాపాంగ్ అనే మగ డేగ 6,100 కిలోమీటర్లు 6 రోజుల 8 గంటలలో ముగించింది. ఎల్.బి. నగర్‌లో విజయవాడ బస్సు ఎక్కిన మనము సూర్యాపేట దగ్గర టీ కొరకు ఆగకుండా ఉండలేము గదా!

ఈ సంగతి మేము సైదాబాదులోని మా సంఘ కూడికలో చెప్పాము. అమూరు డేగ పావురముకంటె చిన్నది. బరువు సుమారు 150 గ్రాములు. ఆగ్నేయ సైబీరియాలో, ఉత్తర చైనాలో గ్రుడ్లు పెట్టి పిల్లలను చేస్తుంది. చలికాలమునకు ఆఫ్రికా దక్షిణ భాగమునకు పోతుంది. అక్టోబరు, నవంబరు మాసములలో ఈ డేగలు లక్షల సంఖ్యలో నాగాలాండ్, మణిపూర్ కొండలలో దిగి ఉసిళ్లను తిని ఒళ్లు చేసుకొంటాయి. యోబు గ్రంథము 39వ అధ్యాయములో దేవుడు యోబును అడిగిన ప్రశ్నలలో డేగ దక్షిణ దిక్కుకు ఎగురుటను గూర్చినది కూడ ఒకటి ఉన్నది. ఇకమీదట ఆ మాట చదివినప్పుడు మా పిల్లల కన్నులయెదుట ఒక దేశపటము ఉంటుంది.

కూడిక ముగిసిన తరువాత ఒక సహోదరి మా దగ్గరకు వచ్చి, "పాస్టర్ గారూ, ఆ పక్షులు మా ఊరివి" అన్నది. ఆమె నాగాలాండ్‌లోని వోఖా జిల్లాకు చెందిన అమ్మాయి, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నది. నాలుగేండ్లుగా మా ఆరాధనకు వస్తున్నా, తన ఇంటి సంగతి అంత వివరముగా ఎన్నడూ చెప్పలేదు. ఆనాడు మా ఇంట్లో భోజనము చేస్తూ మాకును అమ్మగారికిని చెప్పింది.

వోఖా జిల్లాలో డోయాంగ్ నదిమీద 2000 సంవత్సరములో జలవిద్యుత్ కేంద్రము పనిచేయుట మొదలుపెట్టింది. జలాశయములో పాంగ్టి మొదలైన ఊళ్ల పంటభూములు మునిగిపోయాయి. రైతులు వలలు కొనుక్కొని చేపలు పట్టే వారయ్యారు. ఆ నీటి అంచుననే డేగలు గుంపులుగా రాత్రి నిద్రకు దిగేవి. చేపల వలలే చెట్ల మధ్య కట్టారు. 2012లో పత్రికా విలేఖరి బానో హరాలు, ఆమె మిత్రులు వెళ్లి చూచి, రోజుకు 12,000 నుండి 14,000 వరకు డేగలు చంపబడుతున్నాయని అంచనా వేసి లోకమునకు తెలిపారు. చూచినవారికి కడుపు తరిగిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ రాష్ట్రములో నూటికి 88 మంది దాకా క్రైస్తవులే. అక్కడి సంఘములు కూడ ఈ వేటకు విరోధముగా నిలిచాయి. 2013లో ఒక్క వల కట్టలేదు. ఇంత త్వరగా ఒక ఊరు మారుట మేము ఇంకెక్కడా వినలేదు.

అయితే ఆ సహోదరి చెప్పినది పత్రికలలో వచ్చే సంగతి కాదు. ఆమె తండ్రి కూడ వలలు కట్టినవాడే. ఆ రెండు మాసముల డబ్బుతోనే ఇంట్లో స్కూలు ఫీజులు, క్రిస్మస్ బట్టలు. ప్రసంగము విని తండ్రి వలలు చుట్టిపెట్టాడు. తల్లి మాత్రము, "పాస్టర్ గారి పిల్లల ఫీజు అడవిలో లేదు" అన్నదట. ఆ సంవత్సరమే ఆమె అన్న చదువు మానేసి బెంగుళూరు వెళ్లి వాచ్‌మన్ పనిలో చేరాడు.

ఆ తల్లి మాట మాకు గ్రుచ్చుకొన్నది. కాపరి మాట న్యాయమైనదే. దాని ఖర్చు మాత్రము ఒక ఇంటివారు చెల్లించారు. వల కట్టవద్దని చెప్పిన నోటితోనే ఆ అబ్బాయి ఫీజు సంగతి కూడ అడిగి ఉండవలసినదని మా అభిప్రాయము. ఇప్పుడు నవంబరులో కొందరు యాత్రికులు డేగలను చూడవచ్చి ఊళ్లో బస చేస్తారు, కొంత రాబడి ఉంటుంది. అది కొద్ది వారముల ముచ్చట.

2013 నవంబరులోనే మూడు డేగలకు మొదటిసారి యంత్రములు కట్టి, నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. ఒక్కొక్క యంత్రము 5 గ్రాములు, ఎండతో పనిచేసేది. హంగరీ దేశపు నిపుణులు వచ్చి సహాయము చేశారు. ఆ డేగలు మన ఆంధ్ర ప్రాంతము మీదుగానే అరేబియా సముద్రము వైపు సాగిపోయాయి. వలలు చుట్టిపెట్టిన ఆ తండ్రి, ఫోను చేతిలో ఉన్న ప్రతివానిని ఆపి, "మన పక్షులు ఎక్కడున్నాయి?" అని అడిగేవాడట. ఆయన సముద్రమును ఎన్నడూ చూడలేదు. మరుసటి సంవత్సరము నాగా, పాంగ్టి తిరిగి వచ్చాయి. వోఖా సంకేతము మధ్యలోనే ఆగిపోయింది. తన జిల్లా పేరుగల పక్షి గనుక ఆయన చాలాకాలము దానినే అడుగుతూ ఉన్నాడని చెప్పి ఆమె కాసేపు ఊరకున్నది. బెంగుళూరులోని అన్న కూడ ఫోను చేయక రెండు మాసములైనదని అప్పుడు చెప్పింది.

యంత్రము పక్షిని కాపాడదు. 2018లో మణిపూర్‌లో ఆ రాష్ట్రము పేరే పెట్టి వదిలిన డేగ కొద్ది రోజులకే వేటగాని దెబ్బకు చచ్చి దొరికింది. సంకేతము కదలక ఒకచోటనే నిలిచినందువలన వెదకి కనుగొన్నారు.

ఆ మరుసటి ఆదివారము సంఘమంతటి యెదుట ఆ సహోదరి చేతనే ఈ సంగతి చెప్పించి, వారి అన్న కొరకు ప్రార్థించాము. పేరు పెట్టి ప్రార్థించమని ఆమె కోరింది. మా సంఘములో కొడుకు సౌదీలో ఉన్న ఒక పెద్దమ్మ ఉన్నది. ఆమె అంతా విని, ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి చెయ్యి పట్టుకొని, "బిడ్డా, ఆ పిట్ట రాత్రిపూట మన దగ్గర ఆగిందంటివి గదా, తిండేమన్న దొరికిందా దానికి?" అని అడిగింది.

మా కొండల్లో దిగినన్ని రోజులూ ఉసిళ్లు తిని, ఆ కొవ్వుమీదనే సముద్రము దాటుతుందని అమ్మాయి వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"గట్లయితె సద్ది కట్టుకొనే ఎల్లిందన్నట్టు" అన్నది పెద్దమ్మ.