మూడో ఏడు

జూన్ 8, 2025 - ఆదివారం

మా నర్స్ ప్రాక్టీషనర్ దరఖాస్తు ఇంకా ఫెడరల్ వాళ్ళ దగ్గరే ఉంది. సెప్టెంబరు నెలాఖరులోగా తేల్చాలి. నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ లోన్ రీపేమెంట్ అంటే ఈ మిసిసిపీ డెల్టాలో క్లినిక్ నడిపే ఎవరికైనా ప్రాణం లేచొచ్చే మాట. వైద్యులు చాలని చోట రెండేళ్ళు ఫుల్ టైం పని చేస్తానని సంతకం పెడితే, ప్రైమరీ కేర్ చూసేవాళ్ళకి 75 వేల డాలర్ల దాకా చదువు అప్పుకి ఇస్తారు. మొదట్లోనే ఇచ్చేస్తారు, దాని మీద ఫెడరల్ ఆదాయపన్ను కూడా లేదు.

ఆ పిల్ల అప్పు లక్షా పది వేలు. వాళ్ళ నాన్న క్యాట్‌ఫిష్ ప్లాంటులో చేపలు కోసీ కోసీ వేళ్ళు ముడుచుకుపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఈమె ఈ కౌంటీలోనే పుట్టింది, క్లీవ్‌లాండ్‌లో డెల్టా స్టేట్‌లో నర్సింగ్ చదివింది. మా వెయిటింగ్ రూములో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆమెకి చర్చిలో తెలిసినవాళ్ళే. మెంఫిస్ నుంచి పిలుపులు వస్తూనే ఉన్నాయి, జీతం అక్కడ బాగా ఎక్కువ. వెళ్ళాలని ఆమెకి లేదు. వాయిదా కట్టిన రోజు మాత్రం మధ్యాహ్నం దాకా మాట్లాడదు.

జూన్ 22 - ఆదివారం

మౌండ్ బాయూ వెళ్ళొచ్చాం. 61వ నంబరు హైవే పక్కన పత్తి చేలు చూస్తే నంద్యాల దారిలో నల్లరేగడి నేలలు గుర్తొస్తాయి, ఎన్నేళ్ళయినా. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు 1887లో కట్టుకున్న ఊరు మౌండ్ బాయూ. 1960లలో జాక్ గైగర్ అనే డాక్టరు తోటివాళ్ళతో కలిసి ఇక్కడ డెల్టా హెల్త్ సెంటర్ పెట్టాడు. పిల్లలు తిండి లేక నీరసించి వస్తుంటే మందుల చీటీ మీద పాలు, మాంసం, కూరగాయలు రాసిచ్చారు. కిరాణా కొట్లవాళ్ళు ఇచ్చి, బిల్లు సెంటర్ ఫార్మసీకి పంపేవాళ్ళు. పైవాళ్ళు ఇదేమిటని అడిగితే, ఆకలి రోగానికి తిండే మందు అని జవాబు చెప్పారు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు సహకార వ్యవసాయం కూడా మొదలుపెట్టారు.

చీటీ మీద పాలు రాసిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా తోచేది ఇంకోటి ఉంది. ఆ సెంటర్ ఊరి పిల్లలకి రాత్రిబడి లాంటిది నడిపి, పై చదువులకి పంపింది. పత్తి ఏరినవాళ్ళ బిడ్డల్లోంచి డాక్టర్లు, నర్సులు, సోషల్ వర్కర్లు వచ్చారు. బయటి నుంచి వైద్యుల్ని రప్పించడం ఎంత అవసరమో, ఇక్కడే తయారు చేసుకోవడం కూడా అంతే అవసరమని వాళ్ళకి అప్పుడే తెలుసు.

జూలై 5 - శనివారం

నిన్న కొత్త చట్టం మీద అధ్యక్షుడి సంతకం అయిపోయింది. వచ్చే ఏడాది జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే విద్యార్థులకి, పై చదువులకి ఇచ్చే ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోను ఉండదు. మెడిసిన్ చదివేవాళ్ళకి ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షలు దాటి ఫెడరల్ అప్పు దొరకదు. అప్పు చేసి చదివి బయటికొచ్చే డాక్టరు మీద ఇప్పటికే 2 లక్షలకి అటూ ఇటూగా ఉంటోంది. ఇంకా కావలసింది ప్రైవేటు బ్యాంకుల దగ్గర తెచ్చుకోవాలి. ఉన్నవాళ్ళ పిల్లలకి ఫరవాలేదు. తండ్రి సంతకం పెట్టినా బ్యాంకు నమ్మని ఇళ్ళ పిల్లల సంగతేమిటి? డెల్టాకి తిరిగి రావాలనుకునేది సరిగ్గా వాళ్ళే. ప్రభుత్వ, లాభాపేక్ష లేని సంస్థల్లో పనిచేస్తూ 120 నెలల వాయిదాలు కడితే మిగతాది మాఫీ చేసే పథకం ఒకటుంది కదా, అది ఫెడరల్ అప్పుకే. ప్రైవేటు అప్పుకి వర్తించదు.

అదే చట్టంలో గ్రామీణ వైద్యానికని ఐదేళ్ళలో 5,000 కోట్ల డాలర్ల నిధి కూడా పెట్టారు. పేదల బీమా మెడికెయిడ్‌లో ఈ చట్టం కోసింది దీనితో పూడదు, ఆ సంగతి లెక్క చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు. కానీ అందులో ఒక షరతు చదివి ఆగిపోయాను: ఆ డబ్బుతో వైద్య సిబ్బందిని తెచ్చుకుంటే, వాళ్ళు కనీసం 5 ఏళ్ళు పల్లెల్లో పనిచేస్తామని ఒప్పుకోవాలట. ఐదేళ్ళు! ఎవరు రాశారో కానీ, ఆ మాట రాసినవాళ్ళకి పేషెంట్ల గురించి తెలుసు.

జూలై 17 - గురువారం

మా పాత పేషెంటు, ఒక ముసలావిడ, పోయిన వారం చనిపోయిందని ఈరోజే తెలిసింది. ఎనభై దాటింది, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఆవిడ గురించి రాసుకోవాలి.

నేను వచ్చిన కొత్తలో ఆవిడ షుగరు ఎప్పుడు చూసినా మూడొందల పైనే. చార్టులో నాకంటే ముందు చూసిన ముగ్గురు డాక్టర్ల రాతలున్నాయి. ముగ్గురూ డోసు పెంచుకుంటూ వెళ్ళినవాళ్ళే. ప్రతిసారీ పూల గుడ్డసంచిలో మందుల సీసాలన్నీ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టేది. అన్నీ వేసుకుంటున్నావా అంటే, "వేసుకుంటున్నా బేబీ" అనేది. డెల్టాలో పెద్దవాళ్ళకి డాక్టరైనా బేబీయే.

నా మూడో ఏట ఒకరోజు సంచి తీసి ఊరికే కూర్చుంది. తర్వాత చెప్పింది. మెట్‌ఫార్మిన్ బిళ్ళల్ని కూరగాయల కత్తితో సగానికి కోసి, సగం చెల్లెలికి ఇస్తోంది. చెల్లెలికీ షుగరే. ఆమెకి అరవై ఐదు నిండలేదు కాబట్టి పెద్దవాళ్ళకిచ్చే మెడికేర్ లేదు, ఈ రాష్ట్రంలో మెడికెయిడ్ ఆమె లాంటివాళ్ళ దాకా రాదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వూ పోయేదానివే అనుకున్నా. పోయేవాళ్ళకి ఇంటి గుట్టు ఎందుకు చెప్పుకోవడం?" అంది.

మరుసటి వారం చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆదాయాన్ని బట్టి ఫీజు కట్టే పద్ధతిలో ఆమెకీ కార్డు చేయించి, మందులు రాశాం. అక్క షుగరు ఆ ఎండాకాలంలోనే దిగింది, కొత్త మందు ఒక్కటీ కలపకుండా.

డిగ్రీతో వచ్చే విద్య మొదటి రోజు నుంచే ఉంటుంది. పేషెంటు నోటి వెంట నిజం రావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. రెండేళ్ళ ఒప్పందం సరిగ్గా అక్కడికి వచ్చి ముగిసిపోతుంది.

జూలై 27 - ఆదివారం

నంద్యాల నుంచి చిన్నాన్న కొడుకు ఫోన్. వాడి కూతురు ప్రైవేటు కాలేజీలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం, ఇల్లు తాకట్టులో ఉంది. "అక్కా, అమెరికాలో పల్లెల్లో చేస్తే చదువప్పు గవర్నమెంటే కడతాదంట కదా, మన పాపకి కుదరదా?" అన్నాడు. కుదరదురా అని చెప్పాల్సి వచ్చింది. అది అమెరికా పౌరులకే.

మన పిల్లలకి ఉన్నది వేరే దారి. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేస్తే, అయిపోయాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. వైద్యులు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేస్తే ఆ షరతు ఎత్తేస్తారు. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ 1994లో తెచ్చిన ఏర్పాటు, ఇప్పుడు ఏడాదికి రాష్ట్రానికి 30 మందికి. నేను అలా వచ్చినదాన్నే. కర్నూలు మెడికల్ కాలేజీలో గవర్నమెంటు సీటు, నాయన కట్టిన ఫీజు ఎంతో చెప్తే ఇక్కడ ఎవరూ నమ్మరు. నన్ను ఇక్కడ కట్టి ఉంచింది వీసా, మా నర్స్ ప్రాక్టీషనర్‌ని కట్టి ఉంచబోయేది అప్పు సాయం. ఆ మూడేళ్ళు దాటాక నేను ఉండిపోవడానికి కారణం ఆ ముసలావిడ, ఆవిడ లాంటి ఇంకొందరు.

పాపకి అక్కడే పీహెచ్‌సీలో చేరితే ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి అవకాశం ఉంటుంది, ఆ రూల్సు కనుక్కోమన్నాను. వాడు సరేనన్నాడు కానీ గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది. ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రికి ఇలాంటి జవాబు చెప్పడం చాలా కష్టంగా ఉంది.

ఆగస్టు 22 - శుక్రవారం

శిశు మరణాల మీద రాష్ట్ర ఆరోగ్య శాఖ నిన్న ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. పోయిన ఏడాది మిసిసిపీలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 9.7 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. పదేళ్ళ పైబడి ఇంత ఎక్కువ లేదు.

అప్పు సాయం ఎవరికి ముందు ఇవ్వాలో చూడటానికి ప్రతి చోటుకీ కొరత మార్కులు వేస్తారు. ప్రైమరీ కేర్‌కి మొత్తం 25. ఒక్కో వైద్యుడికి ఎంత జనం అన్నదానికి 10, పేదరికానికి 5, దగ్గర్లో ఇంకో వైద్యుడి దగ్గరికి వెళ్ళడానికి పట్టే సమయానికి 5, పసిపిల్లల ఆరోగ్యానికి 5. ఎంత అధ్వాన్నమైతే అన్ని మార్కులు. మా మార్కులు బాగా ఎక్కువ, అందుకే మా పిల్లకి వస్తుందని ఆశ. ఆ ఐదు మార్కుల వెనక ఎవరెవరున్నారో మాకు పేర్లతో సహా తెలుసు. ఈరోజు ఆమె చూసిన గర్భిణికి ఏడో నెల, ఇదే మొదటి చెకప్. కాన్పు చేసే ఆస్పత్రి గంటకు పైగా దూరం. లేటయినందుకు మా పిల్ల తిట్టలేదు. మీ అమ్మమ్మ ఎలా ఉందని అడిగి, ఆ తర్వాత బీపీ చూసింది. ఆ అమ్మాయి మళ్ళీ వస్తుంది, నాకు నమ్మకముంది.

సెప్టెంబరు 18 - గురువారం

వచ్చింది! అప్పు సాయం వచ్చిందని పొద్దున పార్కింగులోనే మా పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆగలేకపోయాను.

సాయంత్రం కూర్చుని ఒప్పందం మొత్తం చదివాం. వారానికి 40 గంటలు, ఏడాదికి కనీసం 45 వారాలు. మధ్యలో మానేస్తే చేయని కాలానికి ఇచ్చిన డబ్బు వెనక్కి, దాని మీద మిగిలిన ఒక్కో నెలకి 7,500 డాలర్ల జరిమానా, పైన వడ్డీ. ఆ పేజీ దగ్గర ఆమె ఆగింది. "మా నాన్న పోయినా, పెళ్ళయినా..." అని ఏదో అనబోయి ఆపేసింది. మరీ కష్టమొస్తే కొంతకాలం నిలిపివేత అడగవచ్చని ఆ పేరా కూడా వెతికి చూపించాను. ప్రజల డబ్బు కాబట్టి గట్టిగా ఉండాలి, ఒప్పుకుంటాను. నన్ను బాధపెట్టేది జరిమానా కాదు. మొదటి రెండేళ్ళకి ఎక్కువ డబ్బు, తర్వాత ఒక్కో ఏడాదికి చేసుకునే కొనసాగింపు ఒప్పందాల్లో తక్కువ. పేషెంట్లకి ఆ మనిషి విలువ పెరిగే కొద్దీ సర్కారు ఇచ్చేది తగ్గుతుంది. ఇది తలకిందులుగా ఉంది.

అక్టోబరు 4 - శనివారం

ప్రభుత్వం మూతపడి నాలుగో రోజు. సర్వీస్ కోర్ నిధికీ, మా లాంటి హెల్త్ సెంటర్ల గ్రాంటుకీ సెప్టెంబరు 30తో గడువు తీరింది. 2023 నుంచీ కాంగ్రెస్ కొన్ని నెలలకోసారి పొడిగిస్తూ వస్తోంది తప్ప, గట్టిగా కొన్నేళ్ళకి ఇవ్వడం లేదు. రెండేళ్ళు నిలబడతానని ఆమె చేత సంతకం చేయించుకున్నవాళ్ళు, తాము రెండేళ్ళకి మాట ఇవ్వలేకపోతున్నారు. క్లినిక్ తెరిచే ఉంచాం. జ్వరాలు మొదలయ్యాయి.

నవంబరు 2 - ఆదివారం

గ్రామీణ నిధి కోసం రాష్ట్రాలు 5వ తేదీలోగా దరఖాస్తు పెట్టాలి. దాని తర్వాత అమలు సంగతి ఉంటుంది కాబట్టి, మా సెంటర్ తరఫున పంపడానికి నన్నొక పేజీ రాయమన్నారు. ఇలా రాశాను.

అప్పు సాయం మూడో ఏటి నుంచి పెంచండి, తగ్గించవద్దు. ఇదే కౌంటీలో హైస్కూలు చదివినవాళ్ళకి మొదటి అవకాశం ఇవ్వండి, అదీ చదువు అయ్యాక అప్పు తీర్చడం కాకుండా, చేరేటప్పుడే ఫీజు కట్టండి. డాక్టర్లతో పాటు నర్సులకి, మంత్రసానులకి, డెంటల్ హైజీనిస్టులకి అదే లెక్క వర్తించాలి. ఐదేళ్ళ మాట అడుగుతున్నారు కాబట్టి ఐదేళ్ళ డబ్బు ముందే పక్కన పెట్టండి. జబ్బు, కాన్పు, ఇంట్లో చావు వస్తే జరిమానా లేకుండా గడువు జరపండి.

మా పిల్లకి చూపించాను. చదివి, ఒక వాక్యం కలపమంది: అద్దెకి ఇల్లు. ఈ ఊళ్ళో కొత్తగా వచ్చే నర్సు ఉండటానికి మంచి ఇల్లు ఒక్కటీ దొరకడం లేదని, పోయినసారి వచ్చినావిడ అందుకే వెళ్ళిపోయిందని చెప్పింది. కలిపాను. రేపు పొద్దున పంపాలి.