కుండలోని మద్దెల

మాది సిరిసిల్ల. ఆ ఊళ్లో పుట్టినవాడికి నిశ్శబ్దమంటే ఏమిటో కాస్త ఆలస్యంగా గాని తెలియదు. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. బాపు సాంచల కార్ఖానాలో పనిచేసేవాడు. మా ఇంటి గోడ అవతల కూడా సాంచలే. కరెంటు పోతే తప్ప ఆ టకటక ఆగేది కాదు. ఆగినప్పుడు గాని, ఇంటిల్లిపాదీ అరుచుకుంటూ మాట్లాడుకుంటున్న సంగతి మాకు తెలిసేది కాదు! బాపు రేడియో గుండీని చివరిదాకా తిప్పి పెట్టేవాడు. పళ్లెంలో గులకరాళ్లు పోసినట్టుండేది పాట. నేను విసుక్కుని చెవులు మూసుకునేవాణ్ని.

నాకు పదేళ్లప్పుడు, 1990 వేసవి సెలవుల్లో, వేములవాడ మీదుగా బస్సెక్కి కోరుట్లలో మేనమామ ఇంటికి వెళ్లాను. మామ రేడియోలు బాగుచేసేవాడు. ఆయన గదినిండా టంకం పొగ, విప్పిన టేపురికార్డర్లు. ఒకనాడు, ఊడదీసిన స్పీకరొకటి బల్లమీద పెట్టి, రెండు తీగలు తగిలించి, రాజన్న జాతరలో కొన్న భజన క్యాసెట్టు వేశాడు. గొంతులు జలుబు చేసినట్టు సన్నగా వచ్చాయి.

"అల్లుడా, ఆ రంజన్ దే" అన్నాడు.

చల్లని నీళ్లున్న మట్టికుండ అది. ఎండాకాలంలో ఆ నీళ్లు పారబోసినందుకు అత్తమ్మ పెట్టిన చీవాట్లు వేరే కథ. ఖాళీ కుండ మూతిమీద స్పీకరును అమర్చాడు మామ. అంతే! గదిలోకి మద్దెల వచ్చి కూర్చుంది. ఇంతసేపూ లేనిది ఎక్కడినుంచి ఊడిపడింది? కుండను తట్టి చూశానంటే నవ్వకండి.

స్పీకరు కాగితం ముందుకు కదిలితే ముందున్న గాలిని నెడుతుంది, వెనుకనున్న గాలిని లాగుతుంది. మధ్య అడ్డేమీ లేకపోతే రెండూ చెల్లుకు చెల్లు. సన్నని నాదాలు బతికి బయటపడతాయిగాని మంద్రం మటుమాయం. కుండ ఆ రెంటికీ మధ్య గోడ. "మద్దెల క్యాసెట్ల మొదటిసంది ఉన్నదిరా, మనమే బయటికి రానిస్తలేం" అన్నాడు మామ. తరువాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంత తేటగా చెప్పినవారు నాకు కనబడలేదు.

జగిత్యాలలో డిగ్రీ చదివిన మూడేళ్లూ అద్దెగదిలో ఇదే పిచ్చి. కుండ పోయి చెక్కపెట్టె వచ్చింది. స్పిరిటు అద్దిన దూదితో టేపు హెడ్డు తుడవడం నాకు నిత్యపూజ. 1963లో ఫిలిప్స్ వారు తెచ్చిన ఈ క్యాసెట్టులో టేపు నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లే. హెడ్డుమీద పిసరంత మురికి చేరితే ముందుగా పోయేది తాళాల మెరుపు.

ఉద్యోగం వచ్చాక, 2006లో, మంచి ఆంప్లిఫయరు, క్యాసెట్టు డెక్కు, నడుమెత్తు స్పీకర్లు కొన్నాను. (మా ఆవిడ వాటిని బట్టలు పట్టని బీరువాలంటుంది.) బాపును ఎదురుగా కూర్చోబెట్టి, మామ నడిగి తెచ్చుకున్న ఆ భజన క్యాసెట్టే వేశాను.

"బాపూ, తాళాలు ఇనవడుతున్నయా?"

"యాడ కొడుకా?"

పెంచాను. ఇంకా పెంచాను. ఆయన నా ముఖంకేసే చూస్తున్నాడు. ఏళ్లతరబడి మోతలో నానిన చెవికి ముందుగా దెబ్బతినేవి పై నాదాలు, సెకనుకు నాలుగువేల కంపనాల ప్రాంతంలోవి. ఈ ముక్క అప్పటికే చదివి ఉన్నాను. మా ఇంటి రేడియోకు మాత్రం ఏనాడూ అన్వయించుకోలేదు.

బాపు మెల్లగా లేచి వచ్చి, స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"గిది అందుతున్నది" అన్నాడు.

నేను మంద్రం గుండీని ఇంకొంచెం తిప్పాను.